స్నిగ్ధత లెక్కలో రెండు పౌండ్లు

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి స్నిగ్ధత ఎంత అని అడిగితే భౌతికశాస్త్రం చదివినవారు 1.002 సెంటీపాయిజ్ అంటారు. అదే నీటికి అమెరికా పద్ధతిలో అచ్చయిన ఇంజినీరింగు పట్టికలు ఒకచోట 0.000673 అని, ఇంకోచోట 0.0000209 అని, మరోచోట 2.42 అని చూపుతాయి. నాలుగూ నిజమే. నీరు ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే, పక్కన ఉండే యూనిట్లే వేరు. ఒక అంకె నుంచి ఇంకో అంకెకు ఎలా వెళ్లాలో, ఆ దారిలో ఎక్కడ తప్పటడుగు పడుతుందో ఇక్కడ మొదటినుంచీ చూద్దాం. గుణకారాలు, భాగహారాలు వస్తే చాలు, అంతకు మించిన గణితం ఇందులో దాదాపు అక్కర్లేదు.

ముందు స్నిగ్ధత సంగతి. ద్రవంలో ఒక పొర మీద ఇంకో పొర జారేటప్పుడు కలిగే నిరోధమే స్నిగ్ధత. వాడుకలో చిక్కదనం అంటాం. విస్తరాకుల కట్ట మీద అరచెయ్యి ఆనించి పక్కకు తోస్తే పై ఆకు ఎక్కువ దూరం జరుగుతుంది, దాని కిందిది కాస్త తక్కువ జరుగుతుంది, అడుగు ఆకు ఉన్నచోటే ఉంటుంది. పైపులోనూ, బేరింగులోనూ ద్రవం పొరలు పొరలుగా కదిలేది ఇలాగే. గోడను అంటుకున్న పొర కదలదు. దూరం జరిగేకొద్దీ పొరల వేగం పెరుగుతుంది.

ఇక్కడ కొలవాల్సినవి రెండు. పొరను తోసే బలాన్ని ఆ పొర వైశాల్యంతో భాగిస్తే వచ్చేది విరూపణ ప్రతిబలం. ఒక పొర నుంచి ఇంకో పొరకు వేగం ఎంత దూరంలో ఎంత మారుతోందో చెప్పేది వేగ ప్రవణత. ఈ రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయన్న ఊహను న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియాలో ఉంచాడు. ప్రతిబలాన్ని వేగ ప్రవణతతో భాగిస్తే వచ్చే విలువే గతిక స్నిగ్ధత. ఇంజినీర్లు డైనమిక్ విస్కాసిటీ అనేది దీన్నే.

చాలామంది చిక్కదనాన్ని బరువుతో కలిపేస్తారు, కాబట్టి ఆ రెంటినీ ఇప్పుడే విడదీసుకోవాలి. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. దాని స్నిగ్ధత మాత్రం నీటికి ఒకటిన్నర రెట్లే. ఆముదం నీటి మీద తేలుతుంది, అంటే నీటికంటే తేలిక. స్నిగ్ధతలో మాత్రం నీటికి కొన్ని వందల రెట్లు. సాంద్రత వేరు, స్నిగ్ధత వేరు. ఈ తేడా వ్యాసం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

నిర్వచనం తెలిస్తే యూనిట్ దానంతట అదే వస్తుంది. మెట్రిక్ పద్ధతిలో ప్రతిబలం చదరపు మీటరుకు ఇన్ని న్యూటన్లు, అంటే పాస్కల్. వేగ ప్రవణత మీటరు దూరానికి సెకనుకు ఇన్ని మీటర్లు. మీటరూ మీటరూ కొట్టేస్తే మిగిలేది సెకనుకు ఒక వంతు. కాబట్టి స్నిగ్ధత యూనిట్ పాస్కల్-సెకను.

ఇదే యూనిట్‌కు ఇంకో రూపం ఉంది. న్యూటన్ అంటే ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి సెకనులో సెకనుకు ఒక మీటరు వేగం పెంచే బలం. పాస్కల్-సెకనులో న్యూటన్ స్థానంలో ఈ నిర్వచనాన్ని ఉంచి సర్దితే వచ్చేది మీటరు-సెకనుకు కిలోగ్రాము. మొదటి రూపంలో బలం కనిపిస్తుంది, రెండో రూపంలో ద్రవ్యరాశి. మెట్రిక్ పద్ధతిలో రెండూ సమానం, మధ్యలో గుణించాల్సిన అంకె 1. అందుకే మెట్రిక్‌లో చదివినవారికి ఈ రెండు రూపాలను వేరు చేసి చూసే అలవాటు ఉండదు. అమెరికా యూనిట్లలోకి అడుగు పెట్టగానే వచ్చే ఇబ్బందికి మూలం ఇదే.

పాస్కల్-సెకను నిత్య వ్యవహారానికి మరీ పెద్దది. పాత సెంటీమీటరు-గ్రాము-సెకను పద్ధతిలోని పాయిజ్ దానిలో పదో వంతు. సన్నని గొట్టాల్లో ద్రవ ప్రవాహాన్ని శ్రద్ధగా కొలిచిన ఫ్రెంచి వైద్యుడు పోయిసోయ్ పేరు మీద వచ్చిన యూనిట్ ఇది. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందన్న ప్రశ్న ఆయన్ను ఈ కొలతల దాకా తెచ్చింది. పాయిజ్‌లో నూరో వంతు సెంటీపాయిజ్. ఒక సెంటీపాయిజ్ సరిగ్గా ఒక మిల్లీపాస్కల్-సెకను. రెండింటి మధ్య దశాంశాల తేడా ఏమీ లేదు. నీరు ఇంచుమించు 1 దగ్గర ఉండటం వల్ల ఈ యూనిట్ నోటికి తేలికగా నిలిచింది. సిరప్పు, పెయింటు, లోషను పరీక్షించే ల్యాబుల్లో ఇవాళ్టికీ వినిపించేది సెంటీపాయిజే.

ఇప్పుడు పౌండు దగ్గరికి వద్దాం. అమెరికా ఇంజినీరింగు లెక్కల్లో పౌండు రెండు పనులు చేస్తుంది. ఒకచోట అది ద్రవ్యరాశి, కిలోగ్రాము లాగా. ఇంకోచోట అది బలం, న్యూటన్ లాగా. భూమి మీద ఒక పౌండు ద్రవ్యరాశిని కిందికి లాగే భారమే ఒక పౌండు బలం. సంతలో తూకం వెయ్యడానికి ఈ ఏర్పాటు సరిపోతుంది. ప్రవాహాల లెక్కల్లో సరిపోదు, ఎందుకంటే ఒకే సమీకరణంలో బలమూ ద్రవ్యరాశీ రెండూ వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఇకమీదట తేడా ముఖ్యమైనచోట పౌండు-ద్రవ్యరాశి, పౌండు-బలం అని విడివిడిగా రాస్తాను.

రెండు పద్ధతుల మధ్య వంతెన వెయ్యడానికి మూడు అంకెలు చాలు. మూడూ నిర్వచనంతో నిర్ణయమైనవే. అంటే ఎవరూ ప్రయోగశాలలో కొలిచి తేల్చాల్సినవి కావు, వాటిలో పొరపాటుకు తావు లేదు. అడుగు అంటే 0.3048 మీటరు. పౌండు-ద్రవ్యరాశి అంటే 0.45359237 కిలోగ్రాము. ఈ రెండూ 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా ఒప్పుకున్నవి. మూడోది ప్రామాణిక గురుత్వ త్వరణం, సెకను వర్గానికి 9.80665 మీటర్లు. దీన్ని 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ స్థిరపరిచింది.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. అమెరికా పౌండుకు, అడుగుకు సొంత పునాది లేదు. రెండింటినీ నిర్వచించింది కిలోగ్రాముతో, మీటరుతోనే. రెండు పద్ధతులూ పోటీలో ఉన్నట్టు పైకి కనిపించినా నేల ఒక్కటే. కనుక మార్పిడి ఎక్కడా ఉజ్జాయింపు కాదు. ఎన్ని దశాంశాలు కావాలంటే అన్నీ దొరుకుతాయి.

మొదట ద్రవ్యరాశి రూపం. అడుగు-సెకనుకు ఒక పౌండు-ద్రవ్యరాశి అంటే మెట్రిక్‌లో ఎంత? 0.45359237ను 0.3048తో భాగించాలి. వచ్చేది 1.488164 పాస్కల్-సెకన్లు. సెకను రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నీటి విలువ 0.001002 పాస్కల్-సెకను. దాన్ని 1.488164తో భాగిస్తే 0.000673. మొదటి పేరాలో చూసిన అమెరికా అంకెల్లో ఒకటి ఇదే.

ఇప్పుడు బలం రూపం. పౌండు-బలం విలువకు పౌండు-ద్రవ్యరాశిని ప్రామాణిక గురుత్వ త్వరణంతో గుణించాలి: 0.45359237 × 9.80665 = 4.448222 న్యూటన్లు. చదరపు అడుగు అంటే 0.3048 × 0.3048 = 0.09290304 చదరపు మీటరు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 47.88026. అంటే చదరపు అడుగుకు ఒక పౌండు-బలం-సెకను 47.88 పాస్కల్-సెకన్లకు సమానం. నీటి విలువను దీనితో భాగిస్తే 0.0000209. రెండో అంకె జాడ కూడా దొరికింది.

47.88026ను 1.488164తో భాగించి చూడండి. 32.174 వస్తుంది. గురుత్వ త్వరణాన్ని అడుగుల్లో చెప్పినప్పుడు వచ్చే అంకె ఇదే. రెండు పౌండ్ల మధ్య దూరం 32.174 రెట్లు. మెట్రిక్‌లో 1గా ఉండి కంటికి ఆనకుండా ఉండిపోయిన అంకె ఇక్కడ 32.174గా బయటపడింది. కొన్ని పుస్తకాలు ఈ చిక్కును తప్పించడానికి స్లగ్ అనే ద్రవ్యరాశి యూనిట్ వాడతాయి. ఒక స్లగ్ 32.174 పౌండ్ల ద్రవ్యరాశి. అడుగు-సెకనుకు ఒక స్లగ్ అన్నా, చదరపు అడుగుకు ఒక పౌండు-బలం-సెకను అన్నా ఒకటే విలువ.

ఈ 32 రెట్ల తేడా కాగితం మీద మిగిలిపోయేది కాదు. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. లోపలి వ్యాసం సరిగ్గా ఒక అంగుళం ఉన్న నున్నని పైపులో 20 డిగ్రీల నీరు సెకనుకు ఒక అడుగు వేగంతో పోతోందనుకోండి. ప్రవాహం నిదానంగా పొరలు పొరలుగా సాగుతోందా, సుడులు తిరుగుతూ కల్లోలంగా ఉందా అన్నది రెనాల్డ్స్ సంఖ్య చెబుతుంది. మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలోని నీళ్లలోకి సన్నని రంగు ధారను వదిలి, అది ఎప్పుడు చెదురుతుందో గమనించి 1883లో ప్రకటించిన ఫలితం ఇది. సాంద్రత, వేగం, వ్యాసం మూడింటినీ గుణించి స్నిగ్ధతతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. దానికి యూనిట్ ఉండదు. పైపుల్లో అది సుమారు 2,300కు లోపల ఉంటే పొరల ప్రవాహం, 4,000 దాటితే కల్లోల ప్రవాహం.

మెట్రిక్‌లో లెక్క: సాంద్రత 998.2, వేగం 0.3048, వ్యాసం 0.0254, స్నిగ్ధత 0.001002. ఫలితం 7,713. అమెరికా యూనిట్లలో: ఘనపుటడుగుకు 62.32 పౌండ్ల ద్రవ్యరాశి, వేగం 1, వ్యాసం అడుగులో పన్నెండో వంతు, స్నిగ్ధత 0.000673. ఫలితం మళ్లీ 7,700 పైచిలుకే. యూనిట్ లేని సంఖ్య ఏ పద్ధతిలో కట్టినా మారకూడదు, మారలేదు. ప్రవాహం కల్లోలమైనదే.

ఇప్పుడు సాంద్రతను పౌండు-ద్రవ్యరాశిలో ఉంచి, స్నిగ్ధతను మాత్రం బలం రూపంలోని పట్టిక నుంచి 0.0000209 అని తెచ్చామనుకోండి. ఫలితం 2,48,000 అవుతుంది. తిరగేసి, సాంద్రతను స్లగ్గుల్లో 1.937 అని తీసుకుని స్నిగ్ధతను 0.000673 అని పెడితే 240 వస్తుంది. ఒకటి నిజానికి 32 రెట్లు పైన, ఇంకొకటి 32 రెట్లు కింద.

ఈ రెండు తప్పుల ఫలితం పంపు దగ్గర తేలుతుంది. పైపు గోడల రాపిడిని చెప్పే డార్సీ ఘర్షణ గుణకం నిజానికి ఇక్కడ 0.034 దగ్గర ఉండాలి. 240 అని నమ్మితే పొరల ప్రవాహపు సూత్రం ప్రకారం 64ను 240తో భాగించి 0.267 అంటాం. అవసరానికి దాదాపు ఎనిమిది రెట్ల పీడనం ఇచ్చే పంపు కొంటాం. 2,48,000 అని నమ్మితే గుణకం 0.015 దగ్గరికి పడిపోతుంది. అవసరంలో సగం పీడనం కూడా ఇవ్వలేని పంపు బిగిస్తాం. లెక్కలో గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు, సూత్రం తప్పలేదు. ఏ పౌండో అడగకపోవడం ఒక్కటే తప్పు.

మొదటి పేరాలోని 2.42 ఎక్కడిదో ఇంకా చెప్పలేదు. అది గంటల లెక్క. అమెరికా రసాయన పరిశ్రమలో ఉష్ణం గంటకు ఇన్ని బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, ప్రవాహం గంటకు ఇన్ని పౌండ్లు. కాబట్టి స్నిగ్ధతనూ అడుగు-గంటకు ఇన్ని పౌండ్లుగా (ఇక్కడ పౌండు అంటే ద్రవ్యరాశి) రాసుకుంటే లెక్క నున్నగా సాగుతుంది. గంటకు 3,600 సెకన్లు కాబట్టి ఈ యూనిట్ ముందుదానికంటే 3,600 రెట్లు చిన్నది: 0.41338 మిల్లీపాస్కల్-సెకను. తిరగేస్తే ఒక సెంటీపాయిజ్ 2.4191 అవుతుంది. పుస్తకాల్లో దీన్ని 2.42 అని కుదిస్తారు.

మన రసాయన ఇంజినీరింగు విద్యార్థులకు ఈ 2.42 కొత్త కాదు. డొనాల్డ్ కెర్న్ 1950లో వెలువరించిన ప్రాసెస్ హీట్ ట్రాన్స్‌ఫర్ మన కాలేజీల్లో తరాలుగా చేతులు మారుతూ వచ్చింది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారింది, ఆ పుస్తకం మాత్రం అడుగులు, పౌండ్లు, ఫారన్‌హీట్ డిగ్రీలతోనే బల్ల మీద నిలిచింది. అందులో ద్రవాల స్నిగ్ధత పటం సెంటీపాయిజుల్లో ఉంటుంది, సమీకరణాలు అడుగు-గంటకు పౌండ్లలో ఉంటాయి. పటం నుంచి చదివిన అంకెను 2.42తో గుణించాకే సమీకరణంలో పెట్టాలి.

ఆ గుణకారం మరిచిపోతే ఏమవుతుందో విడిగా చూడాలి, ఎందుకంటే ఈ తప్పు 32 రెట్ల తప్పులా కొట్టొచ్చినట్టు కనపడదు. గొట్టాల లోపలి కల్లోల ప్రవాహంలో ఉష్ణ బదిలీ గుణకం రెనాల్డ్స్ సంఖ్య 0.8 ఘాతంతో పెరుగుతుంది, ద్రవంలో వేగం, ఉష్ణం వ్యాపించే తీరును పోల్చే ప్రాంట్ల్ సంఖ్య మూడో వంతు ఘాతంతో పెరుగుతుంది. స్నిగ్ధత మొదటిదానిలో హారంలో ఉంది, రెండోదానిలో లవంలో ఉంది. రెండుచోట్లా 2.42 వదిలేస్తే గుణకం దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగి కనిపిస్తుంది. ఒకటిన్నర రెట్ల తేడా ఎవరికీ అనుమానం తెప్పించదు. కానీ ఆ లెక్కతో చేయించిన ఉష్ణ వినిమాయకంలో గొట్టాల వైశాల్యం చాలదు, ప్లాంటు నడిచాక ద్రవం చల్లబడాల్సినంత చల్లబడదు. నా దృష్టిలో పెద్ద తప్పుకంటే ఇలా సహజంగా కనిపించే తప్పే ఎక్కువ ప్రమాదం.

బేరింగులు డిజైన్ చేసేవారి యూనిట్ మళ్లీ వేరు. వారికి చదరపు అడుగు పెద్దదై, చదరపు అంగుళం అనువుగా ఉంటుంది. చదరపు అంగుళానికి ఒక పౌండు-బలం-సెకనును రెయిన్ అంటారు. పైపుల్లో రంగు ధారను పరిశీలించిన ఆ రెనాల్డ్సే 1886లో బేరింగులో నూనె పొర షాఫ్టును ఎలా పైకి ఎత్తిపడుతుందో సిద్ధాంతీకరించాడు. ఆయన పేరునే కుదించి యూనిట్ చేశారు. ఒక రెయిన్ 6,894.76 పాస్కల్-సెకన్లు. ఇంత పెద్ద యూనిట్‌తో నూనెల్ని కొలవలేరు కాబట్టి దానిలో పది లక్షల్లో ఒక వంతైన మైక్రోరెయిన్ వాడతారు. ఒక మైక్రోరెయిన్ 6.895 సెంటీపాయిజ్. షిగ్లీ యంత్ర నిర్మాణ పాఠ్యపుస్తకం తిప్పినవారికి మైక్రోరెయిన్లలో గీసిన నూనెల పటాలు గుర్తుంటాయి.

రెండు పద్ధతులూ ఒకే కాగితం మీద కలిసి కనిపించే చోటు చమురు బావి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ బావులు తవ్వుతోంది. ప్రపంచంలోని చాలా రిగ్గుల మీద లాగే చమురు బావుల మడ్ (తవ్వకంలో వాడే బురద లాంటి ద్రవం) పరీక్షల్లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన విధానాలు నడుస్తాయి. బావిలోకి పంపే మడ్ డ్రిల్ బిట్‌ను చల్లబరచాలి, కోసిన రాతి ముక్కల్ని పైకి తేవాలి. పంపింగ్ ఆగినప్పుడు ఆ ముక్కలు అడుక్కి జారిపోకుండా పట్టుకోవాలి. ఇవన్నీ దాని స్నిగ్ధత మీద, అది కదలడానికి కావలసిన కనీస ప్రతిబలం (యీల్డ్ పాయింట్) మీద ఆధారపడతాయి.

మడ్ ఇంజినీరు వాడే విస్కోమీటరులో బయటి స్తూపం తిరుగుతుంటే, లోపలి స్తూపానికి స్ప్రింగుతో కలిపిన డయలు కొంత తిరిగి ఆగుతుంది. నిమిషానికి 600 చుట్ల దగ్గర ఒక రీడింగు, 300 దగ్గర ఇంకో రీడింగు తీసుకుంటారు. మొదటిది 62, రెండోది 40 అయితే తేడా 22. ప్లాస్టిక్ విస్కాసిటీ 22 సెంటీపాయిజ్ అని రాస్తారు. 40లోంచి 22 తీసేస్తే 18. యీల్డ్ పాయింట్ వంద చదరపు అడుగులకు 18 పౌండ్లు అని రాస్తారు. మొదటిది మెట్రిక్, రెండోది అమెరికా పద్ధతి. రెండూ పక్కపక్క గడుల్లోనే ఉంటాయి.

ఒట్టి తీసివేతతో సెంటీపాయిజులు ఎలా వచ్చాయన్నది ఆ పరికరం కొలతల్లో ఉంది. డయలు ఒక డిగ్రీ తిరగడానికి కావలసిన ప్రతిబలం 0.511 పాస్కల్ అయ్యేలా స్ప్రింగును అమర్చారు. నిమిషానికి 300 చుట్ల దగ్గర వేగ ప్రవణత సెకనుకు 511 అయ్యేలా స్తూపాల మధ్య సందును అమర్చారు. 0.511ను 511తో భాగిస్తే సరిగ్గా 0.001 పాస్కల్-సెకను, అంటే ఒక సెంటీపాయిజ్. రిగ్గు మీద రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి గుణకారం తప్పే అవకాశమే లేకుండా లెక్కను పరికరంలోనే పూర్తి చేశారు. యూనిట్ల మార్పిడికి ఇంతకంటే మంచి పరిష్కారం నేను చూడలేదు.

యీల్డ్ పాయింటును మెట్రిక్‌లోకి తేవడానికి పాత అంకే పనికొస్తుంది. చదరపు అడుగుకు ఒక పౌండు-బలం 47.88 పాస్కల్. వంద చదరపు అడుగులకైతే 0.4788. 18ని దానితో గుణిస్తే 8.6 పాస్కల్. ఇక్కడ సెకను లేదు, ఎందుకంటే ఇది స్నిగ్ధత కాదు, ప్రతిబలం.

మడ్ లాంటి ద్రవాలకు న్యూటన్ ఊహ వర్తించదు. వేగం మారితే స్నిగ్ధతా మారుతుంది. పెయింటు, టూత్‌పేస్టు, టమాటా కెచప్ కూడా ఇలాంటివే. వీటికి ఇన్ని సెంటీపాయిజులని ఊరికే చెబితే చాలదు. ఏ స్పిండిలుతో, నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర కొలిచారో కూడా చెప్పాలి. ఆ వివరం లేని అంకెను ఏ యూనిట్‌లోకి మార్చినా ఉపయోగం లేదు.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.002 సెంటీపాయిజ్, 30 దగ్గర 0.797, 40 దగ్గర 0.653. పది డిగ్రీలకు ఐదో వంతు పడిపోతోంది. నూనెల్లో ఇది ఇంకా వేగంగా పడుతుంది. పాత అమెరికా పట్టికలు నూనెల విలువల్ని 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఇస్తాయి, అంటే 37.8 సెల్సియస్. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం 40 సెల్సియస్. చూడ్డానికి 2.2 డిగ్రీల తేడానే. మామూలు హైడ్రాలిక్ నూనెలో అది పది శాతం దరిదాపుల్లో తేడా తెస్తుంది. గుణకాన్ని ఏడు దశాంశాల దాకా రాసి, ఉష్ణోగ్రతను ఉజ్జాయింపుగా తీసుకుంటే ఆ దశాంశాలు వృథా. ఇంజినీరింగు పనికి నాలుగు అంకెలు చాలు, పక్కన ఉష్ణోగ్రత తప్పక ఉండాలి.

నూనె డబ్బాల మీద ఉండేది చాలాసార్లు గతిక స్నిగ్ధతే కాదు. దాన్ని సాంద్రతతో భాగించగా వచ్చే శుద్ధగతిక స్నిగ్ధత అది, దాని యూనిట్ సెంటీస్టోక్. ఐఎస్‌ఓ వీజీ 68 అంటే 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోకులు, పది శాతం అటూ ఇటూ. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.87 గ్రాములైతే గతిక స్నిగ్ధత 59.2 సెంటీపాయిజ్, మైక్రోరెయిన్లలో 8.6. సాంద్రతను మరిచిపోయి 68నే సెంటీపాయిజులనుకుంటే 15 శాతం తప్పు పడుతుంది. శుద్ధగతిక స్నిగ్ధతలో ద్రవ్యరాశి ఉండదు కాబట్టి అమెరికా యూనిట్‌లో పౌండు ప్రసక్తే రాదు. సెకనుకు ఒక చదరపు అడుగు అంటే సెకనుకు 0.09290304 చదరపు మీటరు, అంతే.

కారు ఇంజిన్ ఆయిల్ గ్రేడ్ల ప్రమాణాన్ని నిర్ణయించేది ఎస్‌ఏఈ అనే అమెరికా సంస్థ. దాని పట్టికలో విలువలు మాత్రం మెట్రిక్‌లోనే ఉన్నాయి. 5డబ్ల్యూ-30 నూనె మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6,600 మిల్లీపాస్కల్-సెకన్లు దాటకూడదు. 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. పేరులోని 30 కేవలం గ్రేడు సంఖ్య. దాన్ని దేనితోనూ గుణించకూడదు.

గుణకంతో మార్చలేనివి కొన్ని ఉన్నాయి. సేబోల్ట్ సెకన్లు అలాంటివి. నిర్ణీత రంధ్రంలోంచి 60 మిల్లీలీటర్ల నూనె కారడానికి పట్టే కాలం అది. 50 సేబోల్ట్ సెకన్లంటే 7.4 సెంటీస్టోకులు, 100 సెకన్లంటే 20.6. సెకన్లు రెట్టింపైతే స్నిగ్ధత దాదాపు మూడు రెట్లయింది. పట్టిక చూడాలి, లేదా ప్రత్యేక సూత్రం వాడాలి. రిగ్గుల మీది మార్ష్ గరాటుదీ అదే తీరు. ఒక క్వార్టు, అంటే 946 మిల్లీలీటర్ల మంచినీళ్లు దానిలోంచి 26 సెకన్లలో కారతాయి. మడ్‌కు 45 సెకన్లు పడితే అది నిన్నటికంటే చిక్కబడిందో లేదో చెప్పగలం. సెంటీపాయిజులు చెప్పలేం.

కంప్యూటరు మీద లెక్క చేసేవారికి ఒక అక్షరం గురించి హెచ్చరిక. మిల్లీపాస్కల్‌కు ఇంగ్లిషులో చిన్న ఎమ్, మెగాపాస్కల్‌కు పెద్ద ఎమ్. రెండింటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు. స్ప్రెడ్‌షీట్ శీర్షికల్లో అన్నీ పెద్ద అక్షరాలుగా మార్చే అలవాటు ఉన్నచోట ఈ తేడా చెరిగిపోతుంది.

ఏ మార్పిడి చేసినా నీటితో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. 20 డిగ్రీల నీరు సెంటీపాయిజుల్లో 1 దగ్గర రావాలి, అడుగు-గంటకు పౌండ్లలో 2.42 దగ్గర, మైక్రోరెయిన్లలో 0.145 దగ్గర రావాలి. మీరు తయారుచేసిన సూత్రంలో నీటి విలువ పెట్టినప్పుడు ఇవి రాకపోతే గుణించాల్సినచోట భాగించారన్న మాట, లేదా ఒక పౌండు బదులు ఇంకో పౌండు దూరిందన్న మాట. చిన్న యూనిట్‌లోకి వెళితే అంకె పెరగాలి, పెద్ద యూనిట్‌లోకి వెళితే తగ్గాలి. ఇది కూడా క్షణంలో చూసుకోవచ్చు.

పాఠాలు చెప్పేవారికి, డేటా షీట్లు తయారుచేసేవారికి ఒక విజ్ఞప్తి. స్నిగ్ధత అంకె ఎక్కడ రాసినా పక్కన యూనిట్ పూర్తిగా రాయండి, ఉష్ణోగ్రత రాయండి. పౌండు వచ్చినచోట అది బలమో ద్రవ్యరాశో కూడా రాయండి.